డుమస్ దెయ్యాలకు జవాబు ఎలా చెప్పాలి?

గుజరాత్‌లో సూరత్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రం ఒడ్డున డుమస్ ఉంది. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఆదివారం సాయంత్రం చూస్తే సగం సూరత్ అక్కడే ఉందా అనిపిస్తుంది. వేడివేడి టమాటా బజ్జీలు తింటారు. పిల్లల్ని ఆడిస్తారు. దరియా గణేశ్ గుడికి వెళ్ళి వస్తారు. చీకటి పడితే మాత్రం ఆ ఒడ్డుకు వేరే పేరు. మన దేశంలో దెయ్యాలు తిరిగే చోట్లు అంటూ ఏ పత్రికవారు, ఏ టీవీవారు జాబితా వేసినా రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట పక్కనే డుమస్ పేరు కూడా కనబడుతుంది.

కథ ఇది. ఒకప్పుడు అది శ్మశానం. కాలిన శవాల బూడిద కలిసి కలిసి ఇసుక నల్లబడింది. ఆత్మలు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి. రాత్రిపూట ఒంటరిగా నడిస్తే చెవి దగ్గర ఎవరో వెనక్కి పొమ్మని గుసగుసలాడతారు. కుక్కలు ఎవరూ లేని వైపు చూసి ఏడుస్తాయి. మాట వినకుండా ముందుకు వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

ఇలాంటి కథ చెప్పేవాళ్ళను గమనించండి. తానే విన్నానని చెప్పేవాడు అరుదు. బావమరిది స్నేహితుడు విన్నాడంటారు. తిరిగి రానివాడికి పేరుండదు, ఊరుండదు, తేదీ ఉండదు.

హేతువాదులకు జవాబు కష్టం కాదు. తాపీ నది దక్కను పీఠభూమి నల్లరాతి నేల మీదుగా ప్రవహించి సూరత్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కోట్ల సంవత్సరాల కిందట లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్ రాయి అది. ఆ రాయి అరిగితే వచ్చే ఇనుము గల ఖనిజాలు నల్లగా, బరువుగా ఉంటాయి. తేలిక రేణువులను అలలు తీసుకుపోతే బరువైనవి ఒడ్డున మిగులుతాయి. నల్ల ఇసుకలో అయస్కాంతం తిప్పి చూడండి, మాగ్నటైట్ రేణువులు ఉంటే మీసాల్లా లేచి అంటుకుంటాయి. బూడిద అలా అంటుకోదు. పైగా మనిషి శరీరం పూర్తిగా కాలాక మిగిలేది ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటు. అది తెల్లగానో, బూడిద రంగుగానో ఉంటుంది. చితిలోని బొగ్గు నల్లనిదే, కాని అది నీటి మీద తేలి పోయే సరుకు. ఇక కుక్కలా? రోజూ అంతమంది తిని పారేసే చోట కుక్కలు ఉండక ఏముంటాయి? అవి ఏడవటానికి దెయ్యం అక్కరలేదు, అవతలి గుంపు కుక్క చాలు.

జవాబు చెప్పేశాం. కథ పోయిందా? పోలేదు. ఇలాంటి జవాబులు ఎన్నిసార్లు ఇచ్చినా కథ మాత్రం బజ్జీల కొట్టు దగ్గర హాయిగా కూర్చుని ఉంది. మనవాళ్ళు దీన్ని జనం మూర్ఖత్వం అని కొట్టిపారేస్తారు. అది సోమరి జవాబు. కథ ఎలా పుడుతుంది, ఎలా మారుతుంది, ఎందుకు పోదు అనేది తొంభై ఏళ్ళకు పైగా ప్రయోగాలతో పరిశీలించిన విషయం. ఆ పరిశోధనను హేతువాదులు చదవవలసినంతగా చదవలేదని నా అభిప్రాయం.

1932లో కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ జ్ఞాపకం గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఆయన వాడిన కథ కూడా దెయ్యాల కథే. ఉత్తర అమెరికా ఆదివాసుల దగ్గర సేకరించింది. దాన్ని ఇంగ్లండులోని మనుషుల చేత చదివించి, కొంతకాలం తరువాత తిరిగి చెప్పించాడు. ఒకరు చెప్పింది మరొకరికి, ఆ మరొకరు చెప్పింది ఇంకొకరికి ఇచ్చి కూడా చూశాడు. కథ పొట్టిదైంది. పడవ రకం మారింది. సీల్ జంతువుల వేటకు వెళ్ళినవాళ్ళు చేపలు పట్టటానికి వెళ్ళారు. అన్నిటికంటే ముఖ్యం, చాలామంది చేతుల్లో దెయ్యాలే మాయమయ్యాయి. వాళ్ళ లోకంలో ఆ దెయ్యాలకు చోటు లేదు గనుక పక్కకు తప్పుకున్నాయి. డుమస్‌లో జరిగింది దీనికి తలకిందులు. నల్ల ఇసుక, ఏడ్చే కుక్క, చీకటి, శ్మశానం అన్న మాట. వీటిని కలిపే దారం మన ఇళ్ళల్లో చిన్నప్పుడే సిద్ధంగా ఉంటుంది. అందువల్ల మనవాళ్ళు దెయ్యాన్ని తెచ్చి కలిపారు. రెండు చోట్లా పనిచేసిన యంత్రం ఒకటే.

రెండో పరిశోధన మనకు మరీ పనికొస్తుంది. 1994లో అమెరికాలో హాలిన్ జాన్సన్, కోలీన్ సైఫర్ట్ అనే ఇద్దరు ఒక గోదాము తగలబడిన వార్తను ముక్కలు ముక్కలుగా చదివించారు. మొదట ఒక గదిలో రంగు డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయన్నారు. తరువాత అది తప్పు, ఆ గది ఖాళీగా ఉంది అన్నారు. చదివినవాళ్ళు ఆ సవరణను గుర్తుపెట్టుకున్నారు. అయినా అంత పొగ ఎందుకు వచ్చిందని అడిగితే మళ్ళీ రంగు డబ్బాల వైపే పోయారు. కావాలని నిప్పు పెట్టిన ఆనవాళ్ళు దొరికాయని వేరే కారణం చూపించినప్పుడు రంగు డబ్బాలను వదిలిపెట్టటం ఎక్కువైంది. అంటే, మనిషి మనసులో నమ్మకం ఒక కారణం స్థానంలో కూర్చుని ఉంటుంది. అది అబద్ధం అని లాగేస్తే అక్కడ గుంట పడుతుంది. గుంటను ఎవరూ ఎక్కువకాలం భరించరు. పాతదాన్నే తెచ్చి పూడుస్తారు.

దెయ్యాలు లేవు అన్న వాక్యం గుంట తవ్వే వాక్యం. మన సభల్లో ఎక్కువగా చేసేది ఇదే.

మన దేశంలో ఈ చదువు ఇంకా ముందే మొదలైంది. 1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తరువాత పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సేకరించాడు. గంగానది నీరు ఒక్కసారిగా మాయమైందని, ఫలానా తేదీకి తుపాను వస్తుందని, ఫలానా రోజు ప్రళయమని. విచిత్రం ఏమిటంటే ఇవి బాగా తిరిగింది నేల ఊగినా పెద్దగా నష్టం లేని చోట్ల. తరువాత లియోన్ ఫెస్టింగర్ 1957లో తన సిద్ధాంతం రాస్తూ దీన్ని వాడుకున్నాడు. భయం ముందే పుట్టింది, కళ్ళ ముందు దానికి తగ్గ కారణం లేదు, కాబట్టి భయానికి తగ్గ కథ అల్లుకున్నారు అని ఆయన వివరణ. కథ వల్ల భయం కాదు, భయం వల్ల కథ. డుమస్‌లో చీకటి ఒడ్డున నిలబడినవాడికీ ఇది వర్తిస్తుంది.

అదే భూకంపం గురించి గాంధీ ఒక కథ చెప్పాడు. అస్పృశ్యత అనే పాపానికి దేవుడు విధించిన శిక్ష అన్నాడు. ఉద్దేశం మంచిది. అప్పుడాయన హరిజన యాత్రలో ఉన్నాడు. రవీంద్రనాథ్ టాగోర్ అస్పృశ్యతను వ్యతిరేకించినవాడే, కథలు రాసి బతికినవాడే. అయినా ఈ కథను ఒప్పుకోలేదు. ప్రకృతి సంఘటనకు నైతిక కారణం అంటగట్టటం అశాస్త్రీయమని, అదే వాదం రేపు ఎదుటివాళ్ళూ వాడుకోవచ్చని అభ్యంతరం రాశాడు. గాంధీ ఆ అభ్యంతరాన్ని తన హరిజన్ పత్రికలో వేసి జవాబు ఇచ్చాడు. నా ఓటు టాగోర్‌కే. మంచి పనికి పనికొస్తుందని అబద్ధపు కారణం చెబితే, కింద పడి చచ్చిన బీహారు దళితుడు ఏ పాపానికి చచ్చాడో చెప్పవలసి వస్తుంది. కథాశాస్త్రం నేర్చుకోమని నేను అంటున్నప్పుడు ఈ హద్దు లోపలే అంటున్నాను.

మళ్ళీ సూరత్ వద్దాం. గోదాము ప్రయోగం అచ్చయిన 1994లోనే, సెప్టెంబరులో, సూరత్‌లో ప్లేగు వార్త బయటపడింది. (ఏడాది కలిసింది యాదృచ్ఛికంగానే. అందులో అర్థం వెతకకండి.) సూరత్ వలస కార్మికుల నగరం. వజ్రాలు సానపట్టేవాళ్ళు, మరమగ్గాల మీద పనిచేసే ఒడియావాళ్ళు, మరాఠీలు, తెలంగాణ నుంచి తరతరాలుగా వెళ్ళిన పద్మశాలీలు. అప్పుడే వరద తీసి మురికి పేరుకుని ఉంది. ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట వినగానే కొద్ది రోజుల్లో లక్షల మంది రైళ్ళు, బస్సులు పట్టుకుని ఊరు వదిలేశారు. వెళ్ళినవాళ్ళలో ప్రైవేటు డాక్టర్లు కూడా ఉన్నారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. నీళ్ళలో విషం కలిసిందన్న పుకారు లేచింది. విదేశాలు విమానాలు ఆపేశాయి. చనిపోయినవాళ్ళు యాభై మందికి కాస్త పైన. ఒక్క ప్రాణమైనా ప్రాణమే. కాని భయం కొలత వేరు, రోగం కొలత వేరు. పారిపోయేవాళ్ళను తప్పు పట్టలేం. ఏం జరుగుతోందో ఒక్క నోటితో, నమ్మదగిన మాటతో చెప్పేవాళ్ళు ఆ మొదటి రోజుల్లో లేరు. ఆ గుంటను పుకారు పూడ్చింది.

1995లో సూరత్ మునిసిపల్ కమిషనర్‌గా ఎస్.ఆర్. రావు వచ్చాడు. పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు, ఇంటిపేరు చూస్తే తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన చేసింది ప్రధానంగా పాలన. నగరాన్ని మండలాలుగా విడదీసి కింది అధికారులకు అధికారం ఇవ్వటం, చెత్త రోజూ ఎత్తించటం, అక్రమ కట్టడాలు కొట్టించటం, మురికివాడలకు నీళ్ళు, మరుగుదొడ్లు. అయితే ఆ పనిని ఆయన నాలుగు అక్షరాల్లో చెప్పాడు. ఎ.సి. నుంచి డి.సి.కి. ఎ.సి. అంటే చల్లని గది, డి.సి. అంటే డైలీ చోర్స్, రోజువారీ పని. అధికారులు ఉదయమే గదులు వదిలి వీధుల్లోకి రావాలని అర్థం. రిక్షావాడికీ గుర్తుండే మాట అది. అందులో ఒక కథ ఉంది. ప్లేగుకు కారణం దేవుడి కోపం కాదు, ఎవరో కలిపిన విషం కాదు. చెత్త, చెత్త తినే ఎలుక, ఎలుక మీద బతికే పురుగు, ఆ తరువాత మనిషి. ఈ గొలుసులో చెత్త దగ్గర తెంపటం మన చేతిలో ఉంది. కొత్త కారణం వచ్చి పాత కారణం కూర్చున్న చోట కూర్చుంది. రెండేళ్ళు తిరిగేసరికి ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా లెక్కించింది. చీపురు లేకుండా ఆ మాట ఒక్కటే ఉంటే గోడ మీది నినాదంగా మిగిలేదనుకోండి.

తెలుగువాళ్ళం ఈ విద్యను ప్రయోగశాలలు పుట్టకముందే వాడాం. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో శుల్కం తీసుకుని జరిపిన బ్రాహ్మణ వివాహాలను లెక్క కట్టించాడు. మూడేళ్ళలో 1034 తేలాయి. వాటిలో 99 మంది పిల్లలకు అయిదేళ్ళు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడు. ఈ అంకెలు గురజాడ తన కన్యాశుల్కం నాటకానికి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఉన్నాయి. నాటకం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఇప్పుడు ఎవరినైనా అడగండి. 1034 అన్న సంఖ్య ఎంతమందికి తెలుసు? లుబ్ధావధాన్లుకు అమ్మజూపిన సుబ్బి ఎంతమందికి తెలుసు?

గురజాడ ఆ లెక్క తెలిసి రాశాడు. అంకెను ఒక పిల్లగా మార్చాడు. అంతటితో ఆగితే అది కన్నీళ్ళ నాటకం అయ్యేది. నవ్వించాడు. సంస్కర్త వేషం వేసుకున్న గిరీశాన్ని కూడా వదల్లేదు. వేశ్య అయిన మధురవాణికి అందరికంటే ఎక్కువ బుద్ధి ఇచ్చాడు. ఆచారాన్ని సమర్థించేవాడు కూడా హాల్లో కూర్చుని నవ్వాడంటే అతని వాదన అప్పటికి పక్కన పెట్టబడిందన్నమాట. నాటకం వల్లనే కన్యాశుల్కం పోయిందని నేను అనను. చదువు, ఉద్యోగాలు, చట్టాలు, ఇవన్నీ ఉన్నాయి. శుల్కం పోయిన ఇళ్ళలోకి వరకట్నం వచ్చి కూర్చుంది కూడా.

కథ చదివి జనం కదిలిన సందర్భం మనకు మరింత దగ్గరలో ఉంది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాల కార్యకర్తలు కళాజాతాలతో ఊళ్ళు తిరిగారు. వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడు కాపురాలను ఏం చేస్తుందో మాట్లాడే పాఠం. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది తమ ఇంటి సంగతే. చర్చ మొదలైంది. చర్చ సారా దుకాణం దాకా నడిచింది. దుకాణం మూతపడింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ తరువాత జరిగింది నాకు అన్నిటికంటే ఆసక్తికరం. దూబగుంట ఆడవాళ్ళ పోరాటమే మరో పాఠం అయింది. ఆడవాళ్ళు ఏకమైతే అని దాని పేరు. ఆ పాఠం మిగతా ఊళ్ళ రాత్రిబళ్ళకు వెళ్ళింది. మొదటి కథ సమస్య చెప్పింది. రెండో కథ, పక్క మండలం ఆడవాళ్ళు చేశారు, చెయ్యవచ్చు అని చెప్పింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరా అందించిన ఎన్.టి. రామారావే సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానం చేసి గెలిచి 1995 జనవరిలో అమలు చెయ్యవలసి వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

ఇక్కడ హేతువాది ఒక ప్రశ్న వెయ్యాలి. పాఠమే కారణమా? కూలి డబ్బు సారాకు పోవటం, పిల్లలు పస్తులుండటం, మొగుళ్ళ చేత దెబ్బలు, ఇవి పాఠం కంటే ముందునుంచీ ఉన్నాయి. నిజమే. పాఠం కోపాన్ని పుట్టించలేదు. ఎవరికి వారు తమ ఇంటి ఖర్మ అనుకుంటున్నదాన్ని ఊరి సంగతిగా మార్చింది. చీకట్లో ఒంటరిగా పెట్టే కన్నీళ్ళు లాంతరు చుట్టూ కూర్చున్న ముప్ఫై మందివి అయ్యాయి.

ఈ మార్పును కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. 1994లో రువాండాలో జాతి హత్యాకాండను ఎగదోయటానికి ఒక రేడియో స్టేషను పనిచేసింది. పదేళ్ళ తరువాత అదే దేశంలో సయోధ్య కోసం ఒక రేడియో నాటకం ధారావాహికంగా వచ్చింది. ఎలిజబెత్ లెవీ పలక్ అనే పరిశోధకురాలు కొన్ని సమూహాలకు ఆ నాటకం, మరికొన్నిటికి ఆరోగ్యం గురించిన నాటకం ఏడాదిపాటు వినిపించి తేడా చూసింది. 2009లో ఫలితాలు ప్రచురించింది. జనం సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. మారింది, తమచుట్టూ ఉన్నవాళ్ళు ఏం ఒప్పుకుంటారు అన్న అంచనా. ప్రవర్తన దాంతోపాటు మారింది. దూబగుంట రెండో పాఠం ఎందుకు పనిచేసిందో దీన్నిబట్టి ఊహించవచ్చు. కత్తి రెండువైపులా తెగుతుందని కూడా ఆ దేశమే చూపించింది.

మన ఉద్యమంలో ఈ కిటుకు తెలిసినవాడు అబ్రహం కోవూర్. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడ్డ ఈ హేతువాది రాళ్ళు పడుతున్న ఇళ్ళకు, దెయ్యం పట్టిన మనుషుల దగ్గరకు స్వయంగా వెళ్ళాడు. తిరిగి వచ్చి దెయ్యం లేదు అని ఒక్క ముక్కలో తేల్చలేదు. ఎవరింట్లో, ఎవరు, ఏ బాధతో, ఎందుకు రాయి విసిరారో విడమరిచి కథగా రాశాడు. అందులో ఒక కేసు మలయాళంలో సినిమా కూడా అయింది, 1972లో వచ్చిన పునర్జన్మం. దెయ్యం ఖాళీ చేసిన చోట ఆయన ఒక మనిషిని కూర్చోబెట్టాడు. అందువల్లే ఆయన పుస్తకాలను దెయ్యాలను నమ్మేవాళ్ళు కూడా చివరిదాకా చదివారు.

అలాగైతే డుమస్‌లో ఆ చోటును దేనితో నింపాలి? నల్ల ఇసుకకు బసాల్ట్ ఉంది. వెనక్కి పొమ్మనే గుసగుసకు కూడా నిజమైన కారణం ఒకటి ఇవ్వవచ్చు. సూరత్ తీరం ఖంభాత్ సింధుశాఖ ముఖద్వారంలో ఉంది. దేశంలో అతి పెద్ద ఆటుపోట్లు ఆ సింధుశాఖవే. డుమస్‌లో నీరు తగ్గినప్పుడు చాలా దూరం బురదనేల బయటపడుతుంది. సరదాగా కార్లు దింపినవాళ్ళు ఇరుక్కుని, పోటు వచ్చేసరికి ట్రాక్టర్ల కోసం పరుగెత్తిన వార్తలు వస్తూనే ఉంటాయి. చీకట్లో ఒంటరిగా అక్కడ ముందుకు వెళ్ళకూడదన్నది మంచి సలహాయే. సలహా సరైనది, కారణం తప్పు. కారణం తప్పయితే మనిషి నిమ్మకాయ పట్టుకుని వెళతాడు, పోటు వేళ చూసుకోడు.

సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మగ్గం కార్మికుల పిల్లలు చదివే బడులు. అక్కడ ఈ పాఠం ఒక పూటలో చెప్పవచ్చు. పదిమంది పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి డుమస్ కథను ఒకరి చెవిలో ఒకరికి చెప్పించాలి. మొదటి పిల్ల చెప్పిందీ, పదోవాడు విన్నదీ బోర్డు మీద పక్కపక్కన రాయించాలి. ఏది రాలిపోయింది, ఏది కొత్తగా చేరింది, పిల్లలే చెబుతారు. తరువాత అయస్కాంతం పట్టుకుని ఒడ్డుకు, పగటిపూట. అక్కడ చేపలు పట్టేవాళ్ళను అడిగి ఆ రోజు పోటు ఎన్నింటికో రాసుకోవాలి. మర్నాడు అడిగితే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా చెబుతారు, ఆ మర్నాడు ఇంకో 50 నిమిషాలు. ఎందుకు అని పిల్లలు అడుగుతారు. దానికి చంద్రుడి దగ్గరకు వెళ్ళాలి, అది ఇంకో పూట పాఠం.